నాలుగో బొమ్మ

మా ఇంట్లో ముందు పురుగులకు పెట్టాల, ఆ పైన మనుషులకు. నేను కాపురానికి వచ్చిన కాడినుంచీ ఇదే రివాజు. షెడ్డులో పురుగులు ఆకు కోసం తలకాయలెత్తి చూస్తాంటే మనం కూచోని సంగటి మింగితే గొంతు దిగుతాదా? పురుగులు, మొగోళ్ళు, పిల్లోళ్ళు, అందరూ అయినాక కడాన ఆడోళ్ళు. మా అత్త అట్లే తినింది, నేనూ అట్లే తింటాండా. దీంట్లో గొప్పేమీ లేదు. పట్టుపురుగులు మేపే ఏ ఇంటికి పోయినా ఇంతే.

మాది మడకశిర పక్కన చిన్న పల్లె. మల్బరీ తోట లేని ఇల్లు లేదు. ఇన్నేండ్లుగా ఇన్ని పురుగులు మేపినామా, ఒక విచిత్రం చెప్తా వినండి. మా ఊర్లో ఎవరూ రెక్కల పురుగును చూడలేదు. గుడ్లు మా చేతికి రావు. చాకీ సెంటర్లో పొదిగించి, చీమంత పురుగుల్ని కొంచెం పెంచి ఇస్తారు. మేం మేపుతాం. పండిన పురుగుల్ని చంద్రికల మీద, అంటే వెదురు తట్టల మీద వదుల్తాం. గూళ్ళు కడతాయి. గూడు గట్టిపడిందా, పీకి మూటగట్టి మార్కెట్టుకు తోలేస్తాం. ఆడ దారం తీసేటోళ్ళు కొని ఆవిరి పెడతారు, లోపల పురుగు చచ్చిపోతాది. రెక్కలొచ్చి బయటపడిందంటే గూటికి బొక్క, దారం తుంటలు తుంటలు. ఎవడు కొంటాడు దాన్ని?

మా పాప ధరణి ఐదో తరగతి. దాని పుస్తకంలో పట్టుపురుగు పాఠం ఉండింది. గుండ్రంగా బాణాలేసి నాలుగు బొమ్మలు. గుడ్డు, పురుగు, గూడు, రెక్కల పురుగు.

"మా, ఈ నాలుగోది నువ్వు చూసినావా?" అని అడిగింది ఒక పొద్దు.

"నాలుగోది వస్తే మనకు సంగటి రాదు, గమ్మున తిను" అన్నా నేను.

"అయితే మీరంతా పాఠం ముక్కాలే చదివినారు" అని మూతి తిప్పుకుంది. నోరు చూసినారా దానిది! అట్లా నోరుండే పిల్లకు అన్నం మాత్రం దిగదు. గిన్నె పట్టుకోని నేను దాని వెనకాల తిరగాల. నాలుగు మెతుకులు తినేలోగా నాకు తల ప్రాణం తోకకొస్తాది. సన్నగా పుల్లలాగుండేది. దాని ఆకలి గురించి నేను మొక్కని దేవుడు లేడు.

అందుకే విమల మేడం చేతికి కట్టే పట్టీ సంగతి చెప్పినప్పుడు నేనే ముందు సరే అన్నా.

విమల మేడం మా బడికి కొత్తగా వచ్చిన టీచరు. మంచిది. పిల్లోళ్ళను గోడ పక్కన కూచోబెట్టి పాఠం వల్లెవేయించే రకం కాదు. చీమల పుట్ట కాడికి తీసుకుపోతాది, కప్పగుడ్లు సీసాలో పెడతాది. "పురుగును చూసి బొమ్మ గీస్తే చాలదు గంగరత్నమ్మా, పురుగుతో పాటు బతికితే తెలుస్తుంది" అనేది. ఆయమ్మకు తెలిసినాయన ఒకడు బెంగళూరు ల్యాబులో ఉండినాడు, డాక్టర్ అనిరుద్ధ. బడి పిల్లోళ్ళ కోసమని ఏందో కనిపెట్టినాడంట. రెండో జ్వరం లేచిన పురుగుల్ని ఒక ట్రే ఇయ్యమంటే నేనే బడికి మోసుకుపోయినా. పురుగు పాత తోలు విడిచేటప్పుడు మేత మానేసి తలెత్తి కదలకుండా ఉంటాదే, దాన్ని మేం జ్వరం అంటాం. మూడు జ్వరాలు, నాలుగు జ్వరాలు అని దాని వయసు లెక్కపెడతాం.

ఆ సారు ఒక పెట్టె తెరిచినాడు. దాంట్లో ఆవగింజలో సగం కూడా లేని గింజలు. సూది మొనతో ఒక్కో గింజను ఒక్కో పురుగు వీపు కింద దూర్చినాడు. పిల్లోళ్ళ ముంజేతికి తలా ఒక మెత్తని పట్టీ కట్టినాడు. ఎనిమిది మంది పిల్లోళ్ళు, ఎనిమిది పురుగులు.

"అందరూ మధ్యాహ్నం భోజనం చేశారా?" అని అడిగినాడు.

"చేసినాం సార్!" కడుపులు నిమురుకుంటా చెప్పినారు. ఆ పొద్దు బడిలో గుడ్డు పెట్టింటారు, అందరూ కసిదీరా తినింటారు.

"ఇప్పుడు పురుగులకు ఆకు వేయొద్దు. కాసేపు ఉండండి."

కాసేపుంటే మా ధరణి ఎంగిలి మింగింది. పెదాలు నాక్కుంది. చేత్తో కడుపు పట్టుకోని, "మేడం, నాకు ఆకలైతాంది!" అనింది. నేను వాకిలి కాడ నిలబడినా, నా చెవుల్ని నేనే నమ్మలేదు. పుట్టినాక ఆ మాట దాని నోట్లోంచి వినడం అదే మొదలు. అప్పుడు మేడం ఒక ఆకు వేసింది. పురుగు అంచు పట్టుకోని కొరకడం మొదలుపెట్టింది. ధరణి మొకం మెల్లిగా తేటబడింది. పిల్లోళ్ళంతా ఒకరి మొకం ఒకరు చూసుకోని కిచకిచ నవ్వినారు.

"పురుగు ఆకలి మీకు తెలుస్తుంది. అంతే, ఇంకేమీ కాదు" అన్నాడు సారు. "పట్నంలో సీతాకోకచిలుకలతో పిల్లలకు చేయించాం. చాలా బాగా నేర్చుకున్నారు."

ఆ నెల మా ఇంట్లో పండగ. చివరి జ్వరం లేచిన పురుగు ఎట్లా తింటాదో మేపినోళ్ళకు తెలుసు. రాక్షసి మేత. మా పాప కూడా అట్లే తినింది. పొద్దున్నే రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ. బడిలో అన్నం. ఇంటికొచ్చి మళ్ళా అన్నం. పొయ్యి కాడికే వచ్చి కూచోని, "మా, ఇంగోటి" అనేది. నేను ముద్ద చేసేలోగా చెయ్యి చాపేది. బుగ్గలొచ్చినాయి. మా అత్త దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది.

"ఏమ్మే, ఈ పట్టీ నీ మొగునికి కూడా కట్టిస్తావా ఏంది?" అని మా ఆయన తిప్పేస్వామి ఎగతాళి చేసినాడు.

"నీకెందుకప్పా, నీకు కట్టకనే అట్లుండావు" అన్నా. ఇంట్లో అందరం నవ్వుకున్నాం. అంత బాగుండినాం మేము.

పురుగుకు జ్వరం పట్టిన పొద్దు మాత్రం ఎనిమిది మంది పిల్లోళ్ళూ అన్నం ముట్టలేదు. మేం తల్లులం బడికాడికి పరిగెత్తినాం. మేడం నవ్వి, "మీ షెడ్డులో పురుగు మేత మానేస్తే భయపడతారా?" అనింది. లేదు కదా. మరుసటి పొద్దు పురుగులు కొత్త తోలుతో లేచినాయి, పిల్లోళ్ళూ లేచి గిన్నెలు నాకినారు. ఇంక తినకపోతే భయపడే పని లేదని మా బుర్రల్లో గట్టిగా కూచుంది. తర్వాత ఆ ధైర్యమే మా కొంప ముంచింది.

పురుగులు పండినాయి. ఒళ్ళు పసుప్పచ్చగా మెరిసి, నోట్లోంచి దారం తీయబట్టినాయి. బడి రేకుల కింద వేడెక్కువ, గూడు సరిగ్గా రాదని మేడం ఎవరి పురుగును వాళ్ళ ఇంటికి పంపింది. "గూట్లో పురుగు నిద్రపోతుంది, లోపలి గింజ కూడా నిద్రపోతుంది. అంతవరకూ పిల్లలకు సొంత ఆకలే ఉంటుంది. కానీ ఒక్క మాట. గూళ్ళు పీకేటప్పుడు పిల్లల గూడు మాత్రం వదిలేయండి. నాలుగో బొమ్మ చూడాలి కదా" అని అందరికీ చెప్పి పంపింది.

చెప్పడానికేం, చెప్పింది. గూళ్ళు పీకే దినం మా ఊర్లో ఎట్లుంటాదో ఆయమ్మకేం తెలుసు? పొద్దు పొడిచేలోగా ఇరుగుపొరుగు ఆడోళ్ళందరూ వచ్చేస్తారు. ఈ పొద్దు మా ఇంట్లో, రేపు వాళ్ళింట్లో, ఒకరికొకరు చేసుకునే పని. నోరు ఊరి సంగతులు మాట్లాడతాంటాది, చేతులు పీకతాంటాయి. చంద్రిక మీద గూడు కనబడితే మా చేతులు ఆగవు. చిన్నప్పటినుంచీ పడిన అలవాటు, కండ్లతో పని లేదు. ఏడుగురు పిల్లోళ్ళ గూళ్ళు అట్లే మూటల్లో కలిసిపోయి మార్కెట్టుకు పోయినాయి. పిల్లోళ్ళు బడికొచ్చి ఏడ్చినారు. మేడం తల్లులను పిలిచి తిట్టింది. వాళ్ళు తల గీరుకున్నారు.

మా గూడు మాత్రం నేను పోనీలేదు. దాని చుట్టూ చంద్రికకు ఎర్ర గుడ్డపీలిక కట్టినా. పక్కింటి హనుమక్క చెయ్యి పోతే ఆ చేతి మీద ఫట్టున ఒకటేసినా.

"ఓయమ్మ! ఒక గూటికి ఇంత కాపలానా?" అని నవ్వింది ఆమె.

"నా బిడ్డకు మాటిచ్చినా. నువ్వు చెయ్యి తియ్యి" అన్నా.

నా అంతట నేనే కాపలా కాసినా. ఇంకెవరో చేసింటే, ఆ పైన జరిగినదానికి వాళ్ళ గొంతు పట్టుకుందును.

ఒక పొద్దున ధరణి కేక పెట్టింది. "మా! నాయనా! అవ్వా! రాండి!" గూటి కొన తడిసి, మెత్తబడి, అక్కడినుంచి ఒక తెల్లని తల. ఈడ్చుకుంటా, ఈడ్చుకుంటా బయటికొచ్చింది. ముడతలు పడిన రెక్కలు మెల్లిగా చాపుకుంది. పాలమీగడంత తెల్లగా ఉండింది. ఊరంతా మా వసారాలో కూడింది. ఏండ్లు ఏండ్లు పురుగులు మేపిన ముసలోళ్ళు కూడా కర్రలు పట్టుకోని వచ్చినారు. మా అత్త దగ్గరికొచ్చి వంగి చూసి, "ఎంతమందిని మేపినా తల్లీ, ఒక్కదాని మొకం చూడలేదే" అని కండ్లు తుడుచుకుంది. తోటలోకి పోయి లేత ఆకు తెచ్చి దాని ముందర పెట్టింది. అది తినలేదు. సారు చెప్పినట్టు మేడం తేనెలో దూది ముంచి పెట్టింది. దాని పక్కకు కూడా పోలేదు. ఉండిన చోటే రెక్కలు అదరగొట్టుకుంటా ఉండింది.

"ఎగరదా ఇది?" అన్నాడు మా ఆయన.

"కొత్త కదా, ఎగురుతుంది" అనింది మేడం. ఆ మాట అనేటప్పుడు ఆయమ్మ మొకంలో కూడా నమ్మకం లేదు.

ఆ పొద్దు ధరణి అన్నం తినలేదు. సంతోషంలో కడుపు నిండిందిలే అనుకున్నా. మరుసటి పొద్దూ తినలేదు. జ్వరం లాంటిదేలే, లేస్తాది అనుకున్నా. ఆ మర్నాడు ముద్ద చేసి నోటికి పెడితే దవడ తెరవలేదు. మొండితనం కాదు. మొండితనమైతే నాకు తెలీదా, దాన్ని కన్నదాన్ని? బలవంతంగా పెడితే నోట్లో అట్లే ఉండిపోయింది, నమలలేదు, మింగలేదు. కాసేపుండి కారిపోయింది.

"ఏమైందమ్మా? కడుపు నొస్తాందా?"

"లేదు మా. నాకేమీ కాలేదు. శానా బాగుండాది." అరచేతి మీద పురుగును పెట్టుకోని నవ్వింది. "నాకు ఏమీ వద్దనిపిస్తాంది మా. ఎప్పటికీ ఏమీ వద్దు."

ఏడ్చింటే నేను తట్టుకుందును. అది నవ్వింది. పట్టీ పీకి విసిరేసినా. ఏమీ మారలేదు.

మేడం ఫోన్ చేస్తే అనిరుద్ధ సారు ఆ పొద్దే కార్లో వచ్చినాడు. పట్టీని తన యంత్రానికి తగిలించి చూసినాడు. ఆ పైన భూతద్దం తీసి పురుగు తల దగ్గర పెట్టి చూసినాడు. చూసి చూసి, మా వసారా మెట్టు మీద కూలబడినాడు.

"దీనికి నోరు లేదు" అన్నాడు.

"నోరు లేని పురుగుంటాదా?" అన్నాడు మా ఆయన.

"పేరుకు ఉంది. తినే నోరు కాదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దీనికి చచ్చేదాకా. సీతాకోకచిలుకకు తేనె కావాలి. బయటికి రాగానే ఆకలి వేస్తుంది, పిల్లలకూ వేస్తుంది. ఆ తర్వాత పట్టీ తీసేస్తే వాళ్ళ సొంత ఆకలి అందుకుంటుంది. దీనికి ఆకలే లేదమ్మా. గూట్లో ఉన్నప్పుడు గింజ ఏమీ చెప్పలేదు. బయటికొచ్చి, ఇంక చాలు అని చెప్పింది. పాప ఒళ్ళు ఆ చివరి మాట పట్టుకుని కూర్చుంది."

"నీకు ముందే తెలీదా సారూ?" అన్నా నేను.

"నేను యంత్రాల మనిషినమ్మా. పురుగుల సంగతి మీ ఊరికి తెలుసనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. మేం పురుగులోళ్ళం, ఈయన కనిపెట్టినోడు, ఆయమ్మ పాఠం చెప్పేది. ముగ్గురిలో ఒక్కరికీ ఆ నాలుగో బొమ్మ సంగతి తెలీదు. తెలియని పురుగును తెచ్చి నా బిడ్డ కడుపుకు ముడేసినాం. మా ఆయన లేచి పురుగును నలిపేయబోతే సారు చెయ్యి పట్టుకున్నాడు. "చంపితే ఏం లాభం? మాట చెప్పేసింది కదా."

విమల మేడం గోడకు ఆనుకోని ఏడుస్తాండింది. నేను ఓదార్చలేదు. నాకంత మంచితనం ఆ పొద్దు లేదు.

మడకశిర ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినారు. పిల్ల బుగ్గలు మళ్ళా లోపలికి పోయినాయి. సారు ఊరుకోలేదు, పాపం. మా పెరట్లో నిమ్మచెట్టు మీద ఆకు తింటాండే పురుగును పట్టి, దానికి కొత్త గింజ పెట్టి, పాపకు పట్టీ కట్టి చూసినాడు. పాప పెదాలు కొంచెం కదిలినాయి, అంతే. "ఇంత చిన్న ఆకలి సరిపోదు. ఆ చాలు అనే మాట లోతుగా పడిపోయింది. దాన్ని మించిన పెద్ద ఆకలి కావాలి" అన్నాడు.

ఈ లోగా రెక్కల పురుగు దానంతట అది చచ్చిపోయింది. అది పోతే ముడి తెగుతాదని లోపల ఎక్కడో ఆశ ఉండింది నాకు. తెగలేదు. పాప దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, తోటలో పూడ్చి వచ్చి, మంచం మీద పండుకుంది. లేవలేక పండుకుంది.

"రేపు బెంగళూరు పెద్దాస్పత్రికి తీసుకుపోవాల. ముక్కులోంచి గొట్టం వేస్తారంట" అన్నాడు మా ఆయన. "ఎన్నాళ్ళు వేస్తారో చెప్పలేదు."

సారు పెట్టె సర్దుకుంటాండినాడు. నేను పోయి ముందర నిలబడినా.

"పెద్ద ఆకలి కావాలంటివి కదా. నాకు పెట్టు."

"ఏంటి?"

"గింజ. నాకు పెట్టు. నా ఆకలి దానికి పోతాది కదా?"

"అమ్మా, ఇది మనుషులకు పెట్టేది కాదు. ఎవరికీ పెట్టి చూడలేదు. దీనికి అనుమతి లేదు."

"నా బిడ్డ మనిషి కాదా? దానికి పట్టీ కట్టేటప్పుడు నీ అనుమతి యాడికి పోయింది?"

ఆయన పెట్టె మళ్ళా తెరిచినాడు. నా మోచేతి పైన సూది గుచ్చి గింజ పెట్టినాడు. చీమ కుట్టినంత కూడా నొప్పి లేదు. పాపకు పట్టీ కట్టినాం. అందరం దాని మొకం చూస్తా కూచున్నాం. మేడం, మా ఆయన, మా అత్త, అందరం.

ఏమీ కాలేదు.

సారు యంత్రం చూసి, నా వైపు చూసినాడు. "మీ దగ్గర్నుంచి ఏమీ రావడం లేదమ్మా. మీరు ఎప్పుడు తిన్నారు?"

గుర్తు చేసుకుంటే గుర్తు రాలేదు. బిడ్డ తినక, నేను నీళ్ళు తాగి బతుకుతాండా. తినకపోతే ఆకలి కావాల కదా? కాలేదు. దిగులుతో నా ఆకలి కూడా చచ్చిపోయింది. బిడ్డకిద్దామంటే నా కాడ కూడా లేదే అని అప్పుడు ఏడ్చినా నేను. అంతవరకూ ఏడ్వలేదు.

ఏడుపు ఎంతసేపు? కొంగుతో మొకం తుడుచుకోని పార తీసుకున్నా. "పాప మంచం వసారాలో తోట కనబడేట్టు వేయండి" అని చెప్పి తోటలోకి దిగినా. నడి ఎండ. కత్తిరించిన మోళ్ళ మధ్య మట్టి గట్టిపడి రాయి మాదిరి ఉండింది. తవ్వినా. ఒక సాలు అయింది, రెండో సాలు. అరచేతులు బొబ్బలెక్కినాయి.

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చా, పడిపోతావు!" మా ఆయన గట్టు మీదినుంచి అరిచినాడు.

"నువ్వు పొయ్యి ఎలిగించు! సంగటి చేయి! ఆ వాసన నాకు రావల్ల!" అని నేనూ అరిచినా. ఆయన పొయ్యి కాడికి పోయిందే లేదు బతుకులో. ఆ పొద్దు పోయినాడు.

తవ్వతా తవ్వతా నా మనసును తిట్టుకున్నా. దిగులుపడింది చాలు, ఒళ్ళు చెప్పే మాట విను అని. పొద్దు వాలింది. కడుపులో ఒక మెలిక తిరిగింది. మొదట చిన్నగా, ఆ పైన గట్టిగా. ఎసట్లో రాగిపిండి ఉడికే వాసన గాలికి వచ్చింది. నోట్లో నీళ్ళూరినాయి. ఇంత ఆకలి నాకు ఎప్పుడైందంటే, కాన్పు అయిన మరుసటి పొద్దు. ధరణి పుట్టినప్పుడు. పార మీద ఆనుకోని, కదలకుండా ఆ ఆకలిని అట్లే పట్టుకోని నిలబడినా.

వసారాలో మంచం కిర్రుమనింది.

"అవ్వా..." ధరణి గొంతు. సన్నగా. "అవ్వా, సంగటి అయిందా?"

మా అత్త కెవ్వుమని నన్ను పిలిచింది. పాప తినింది. మా ఆయన చేసిన ముద్ద, సగం ఉండలు, సగం పచ్చి, అదే తినింది. విమల మేడం దాని పక్కన కూచోని ఒక్కో తుంట తుంచి ఇచ్చింది. నేను మాత్రం తోటలోనే ఉండిపోయినా. నేను ఒక్క ముద్ద తిన్నానంటే నా కడుపు చల్లబడతాది, దాని నోరు మూసుకుంటాది. అది త్రేన్చినాక, చెయ్యి కడుక్కున్నాక, అప్పుడు వచ్చి తిన్నా. గిన్నెలో అడుగంటింది మిగిలింది.

అప్పటినుంచీ ఇంతే. బెంగళూరు పోలేదు. సారు ల్యాబు పని మానేసి, నెలకు రెండు మార్లు వచ్చి పాపను చూసిపోతాండాడు. "ఒళ్ళు మెల్లిగా సొంత ఆకలి నేర్చుకుంటుందమ్మా" అంటాడు. ఎప్పుడని అడిగితే పట్టీని మళ్ళా యంత్రానికి తగిలించి చూస్తాడు. మేడం బడిలో ఆ పట్టీలన్నీ తిరిగిచ్చేసింది. ధరణిని దినామూ పక్కన కూచోబెట్టుకోని చదివిస్తాది. నాతో కూడా మాట్లాడతాది, నేనూ మాట్లాడతా. ఇద్దరం కూడా ఆ పాఠం మాట ఎత్తం. ఒకసారి పరీక్షగా నేను ముందు తిని చూసినా. పాప ముందర నెయ్యేసిన అన్నం పెట్టినా గిన్నె పక్కకు తోసేసి, "బాగుండాది మా, ఏమీ వద్దు" అనింది. అదే నవ్వు. మళ్ళా ఎప్పుడూ ఆ పని చేయలేదు. నాకు రోగమొస్తే, ఒక పూట ఆకలి కాకపోతే ఏం గతి అనే భయం నన్ను నిద్రపోనీదు. నేను పోయినాక ఏం గతి అనే దాని జోలికి నా మనసును పోనీను.

మళ్ళా పంట పెట్టినాం. వేరే బతుకు మాకేముంది? నిన్న పురుగులు చివరి మేతలో ఉండినాయి. పొద్దున్నుంచీ ఆకు కోసి మోసి మోసి నడుము విరిగిపోయింది. పురుగులకు పెట్టినాం, మా ఆయన తిన్నాడు, మా అత్త తినింది. ధరణికి గిన్నె పెట్టి నేను స్తంభానికి ఆనుకోని కూచున్నా. అది గబగబా రెండు ముద్దలు తిని, మూడో ముద్ద చేతిలో పట్టుకోని ఆగింది. నా వైపే చూస్తా ఉండింది.

"ఏమ్మా? తిను."

"మా, నీకు దినామూ ఇంత ఆకలి అయితాదా?"

గిన్నెను దాని దగ్గరికి జరిపినా.

"నేను సిన్నపిల్లప్పటినుంచీనా? నువ్వు గిన్నె పట్టుకోని నా వెనకాల తిరిగేదానివే, అప్పుడు కూడా ఇంత ఆకలేనా?"

"తినమ్మా, చల్లారిపోతాది."

దాని కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. లేచి వచ్చి, ఆ ముద్ద నా నోటి కాడ పెట్టింది. వేడివేడి సంగటి, చెనిక్కాయల చట్నీ. నా కడుపు మెలిపెట్టింది. అది దానికీ తెలిసింది. "తిను మా. ఒక్కటి తిను. నాకు తెలుస్తాంది, నువ్వు తిను" అని ఏడుస్తాంది.

గిన్నెలో ఇంకా సగం ఉండాది. అదంతా పాప తినాల.

నేను నోరు మూసుకోని, తల అడ్డంగా ఊపినా.